ప్లేరైట్ ఓన్లీ-ఛేంజ్డ్: మారిన టెస్టును పట్టుకుంటుంది, మారిన యాప్‌ను కాదు

2024 ఆగస్టులో, బ్రౌజర్‌ను తనే నడిపి వెబ్‌సైట్లను పరీక్షించే ప్లేరైట్ అనే పనిముట్టు 1.46 వెర్షన్‌తో పాటు ఓన్లీ-ఛేంజ్డ్ అనే చిన్న ఫ్లాగ్ (కమాండ్‌కు తగిలించే ఆప్షన్) ఒకటి వచ్చింది. టెస్టులు నడిపే కమాండ్ చివర దాన్ని తగిలిస్తే సూట్ మొత్తం నడవదు. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ లెక్కలో మారిన ఫైళ్లతో సంబంధం ఉన్న టెస్టు ఫైళ్లు మాత్రమే నడుస్తాయి. విడిగా ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు, ఖాతా తెరవక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. ప్లేరైట్ అపాచీ 2.0 లైసెన్సుతో దొరికే ఓపెన్ సోర్స్ సరుకే కాబట్టి ఫ్లాగ్ కూడా అందులో భాగమే. (కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాం. టెర్మినల్లో మాత్రం వాటి మామూలు స్పెల్లింగే కొట్టాలి.)

మార్కులు ముందే వేసేద్దాం. పుల్ రిక్వెస్ట్‌లో (మార్పును అసలు కోడ్‌లో కలపమని, అంటే మెర్జ్ చేయమని పెట్టే అభ్యర్థన) తప్పును తొందరగా బయటపెట్టే పనికి 5కి 4. మెర్జ్ చేయొచ్చో లేదో తేల్చే కాపలా పనికి 5కి 1. ఒకే ఫ్లాగ్‌కు రెండు రకాల మార్కులేమిటంటే, చాలా జట్లు దీన్ని మొదటి పనికి తెచ్చుకుని, తెలియకుండానే రెండో పనిలో కూర్చోబెడుతున్నాయి.

అసలు అవసరం ఎక్కడ పుడుతుందో లెక్క వేసి చూడండి. బస్సు టికెట్లు అమ్మే ఒక వెబ్‌సైట్ ఉందనుకుందాం. 60 స్పెక్ ఫైళ్లలో (టెస్టులు రాసే ఫైళ్లు) 400 బ్రౌజర్ టెస్టులు, ఒక్కోదానికి సగటున 30 సెకన్లు. ప్లేరైట్ కొత్త ప్రాజెక్టుకు రాసిచ్చే కాన్ఫిగ్‌లో సీఐ (మార్పు వచ్చిన ప్రతిసారీ టెస్టులను వాటంతటవే నడిపే వ్యవస్థ) మీద వర్కర్ల (ఏకకాలంలో టెస్టులు నడిపే ప్రాసెస్‌ల) సంఖ్య 1 అని ఉంటుంది. అలాగే వదిలేస్తే 200 నిమిషాలు. 4 మెషీన్లకు షార్డ్ చేస్తే, అంటే పంచితే, 50. రద్దు పేజీలో ఒక బటన్ మీది మాట మార్చినవాడు కూడా ఆ 50 నిమిషాలు కాచుక్కూర్చోవాల్సిందే. కొండను తవ్వి ఎలుకను పట్టడం రోజుకు పదిసార్లు జరుగుతుంటే, ఏవి నడపాలో ఎంచుకుందామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

ఫ్లాగ్ పనిచేసే తీరు సూటిగా ఉంటుంది. విలువేమీ ఇవ్వకపోతే ఇంకా కమిట్ చేయని మార్పులను చూస్తుంది. బ్రాంచ్ పేరో కమిట్ నంబరో ఇస్తే దానికీ ఇప్పటి కోడ్‌కూ తేడా తీస్తుంది. గిట్‌కు ఇంకా చేర్చని కొత్త ఫైళ్లనూ లెక్కలోకి తీసుకుంటుంది. ఆ తర్వాత స్పెక్ ఫైళ్లన్నీ లోడ్ చేసి, ఏది దేన్ని ఇంపోర్ట్ చేసుకుంటోందో గ్రాఫ్ గీస్తుంది. మారిన ఫైల్ స్పెక్ అయితే అది నడుస్తుంది. హెల్పరో పేజ్ ఆబ్జెక్టో (ఒక పేజీని వాడే కోడ్‌ను ఒకచోట పెట్టిన ఫైల్) అయితే, దాన్ని నేరుగా గానీ మధ్యలో మరో ఫైల్ ద్వారా గానీ ఇంపోర్ట్ చేసుకున్న స్పెక్‌లన్నీ నడుస్తాయి. లాగిన్ లాంటి సెటప్ ప్రాజెక్టు ముందు నడవాల్సి ఉంటే దాన్నీ కలుపుకుంటుంది. ఈ చివరిది మెచ్చుకోవాల్సిన సంగతి. చేత్తో ఫైల్ పేర్లు ఏరి స్క్రిప్ట్ రాసుకునేవాళ్లు ముందు తడబడేది అక్కడే.

ఎంపిక ఫైల్ స్థాయిలోనే జరుగుతుంది. 40 టెస్టులున్న స్పెక్‌లో ఒక్క లైను మారినా 40 నడుస్తాయి. ఎంచుకోవడానికి స్పెక్‌లన్నీ లోడ్ కావాలి కాబట్టి ఆ కాస్త సమయం ఎలాగూ తప్పదు. 60 ఫైళ్లకు అది లెక్కలోకి వచ్చేంత కాదు.

ఇక అసలు లోపం. బ్రౌజర్ టెస్టు యాప్ కోడ్‌ను ఇంపోర్ట్ చేసుకోదు. పేజీ తెరుస్తుంది, బటన్ నొక్కుతుంది, తెరమీద ఏం వచ్చిందో చూస్తుంది. దానికీ యాప్‌కూ మధ్య ఉన్నది ఒక యూఆర్ఎల్ మాత్రమే, ఇంపోర్ట్ లైను కాదు. అందుకని సోర్స్ ఫోల్డర్లో చెల్లింపు మొత్తాన్ని లెక్కగట్టే ఫైల్ మారినా, ఓన్లీ-ఛేంజ్డ్ గీసిన గ్రాఫ్‌లో ఆ ఫైలే ఉండదు. ఎంచుకున్న టెస్టులు: సున్నా.

సున్నా వచ్చినప్పుడు ఏం చేస్తుందన్నదే కీలకం. మామూలుగా ప్లేరైట్‌కు ఒక్క టెస్టు కూడా దొరక్కపోతే తప్పు చూపించి ఆగుతుంది. ఓన్లీ-ఛేంజ్డ్ పెడితే ఆగదు, విజయవంతంగా ముగిసిందని చెప్పి బయటికొస్తుంది. స్థానికంగా పని చేసుకునేటప్పుడు అది సబబే, ఏమీ మార్చకపోతే ఏమీ నడవకపోవడం తప్పు కాదు కదా. కానీ సీఐలో ఇది ఆకుపచ్చ టిక్కుగా మారుతుంది. చెల్లింపు కోడ్ మారింది, ఒక్క టెస్టూ నడవలేదు, టిక్కు మాత్రం పచ్చగా ఉంది. రివ్యూ చేసేవాడు లాగ్ తెరిచి చూస్తే తప్ప ఆ సంగతి బయటపడదు, పచ్చ టిక్కు లాగ్‌ను తెరిచి చూసేవాళ్లు అరుదు.

టెస్టులను ఎంచి నడిపే ఏ పనిముట్టునైనా తూచాల్సిన తక్కెడ ఇదే: తనకు అర్థం కాని మార్పు ఎదురైతే అన్నీ నడుపుతుందా, ఏమీ నడపదా? అజూర్ డెవాప్స్‌లోని టెస్ట్ ఇంపాక్ట్ అనాలిసిస్‌ను పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అది మార్పు తగిలిన టెస్టులతో పాటు, గతంలో ఫెయిలైనవీ కొత్తగా చేర్చినవీ కూడా ఎంచుకుంటుంది. మార్పు హెచ్‌టీఎంఎల్‌లోనో సీఎస్ఎస్‌లోనో ఉండి తనకు అంతుపట్టకపోతే మొత్తం సూట్ నడిపేస్తుంది. దానికి డాట్‌నెట్ మేనేజ్డ్ కోడ్ తప్ప మరొకటి తెలియదు కాబట్టి జావాస్క్రిప్ట్ వెబ్ జట్లకు అక్కరకు రాదు, అది వేరే విషయం. యూనిట్ టెస్టులు నడిపే వైటెస్ట్‌లోనూ ఇలాంటి జాగ్రత్త ఉంది. ప్యాకేజీ ఫైల్ గానీ, వైటెస్ట్, వీట్ కాన్ఫిగ్‌లు గానీ మారితే ఎంపికను పక్కన పెట్టి అన్నీ మళ్లీ నడపాలని చెప్పే జాబితా ఒకటి డిఫాల్ట్‌గానే వస్తుంది. ఓన్లీ-ఛేంజ్డ్‌లో అలాంటి జాబితా లేదు. తెలియనిదల్లా దాని దృష్టిలో లేనిదే.

దీన్ని ప్లేరైట్‌వాళ్లు దాచిపెట్టలేదన్నది నిజం. ఇది ఊహ మీద నడిచే పద్ధతి, కొన్ని టెస్టులు తప్పిపోవచ్చు, ఆ తర్వాత మొత్తం సూట్ తప్పక నడపండి అని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. సీఐ పేజీలో దీన్ని పెట్టింది కూడా ఫెయిల్ ఫాస్ట్ శీర్షిక కింద. సరుకు మీద రాసిన సూచన చదవకుండా వాడేవాళ్ల తప్పు సరుకుది కాదు. అయినా సున్నా టెస్టులకు కనీసం ఒక పసుపు హెచ్చరికైనా ఇచ్చుంటే బాగుండేది.

కాంపొనెంట్ టెస్టుల్లో (పేజీలోని ఒక్కో భాగాన్ని విడిగా పరీక్షించేవి) మాత్రం కథ వేరు. అక్కడ టెస్టు ఫైల్ కాంపొనెంట్‌నే ఇంపోర్ట్ చేసుకుంటుంది, ప్లేరైట్ కూడా ఆ కాంపొనెంట్ కింద ఉన్న ఫైళ్లదాకా గ్రాఫ్ గీస్తుంది. సీట్ల పటం కాంపొనెంట్ మారితే దాని టెస్టులు సరిగ్గా దొరుకుతాయి. ప్లేరైట్ కాంపొనెంట్ టెస్టింగ్ ప్యాకేజీల పేర్లలో ఎక్స్‌పెరిమెంటల్ అన్న మాట ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. యూనిట్ టెస్టుల్లో జెస్ట్‌లోని ఫైండ్-రిలేటెడ్-టెస్ట్స్, వైటెస్ట్‌లోని ఛేంజ్డ్ బాగా పనిచేయడానికీ కారణం ఇదే. వాటిలో టెస్టు నుంచి సోర్స్‌కు ఇంపోర్ట్ దారి ఉంటుంది.

సున్నాకు అవతలి కొసన ఇంకో ఇబ్బంది ఉంది. ప్లేరైట్ జట్లలో ఎక్కువమంది వాడే అమరిక ఏమిటంటే, ఫిక్స్‌చర్లన్నీ (టెస్టుకు కావలసిన ముందస్తు ఏర్పాట్లు) ఒకే ఫైల్లో రాసి, ఆ ఫైల్లోకి పేజ్ ఆబ్జెక్టులన్నీ ఇంపోర్ట్ చేసుకుని, ప్రతి స్పెక్ ఆ ఒక్క ఫైల్ నుంచే టెస్ట్‌ను తెచ్చుకోవడం. చూడ్డానికి చక్కగా ఉంటుంది. కానీ రద్దు పేజీ ఆబ్జెక్టులో ఒక లొకేటర్ (పేజీలో బటన్ లాంటిదాన్ని వెతికే గుర్తు) మారిస్తే, ఫిక్స్‌చర్ ఫైల్ ద్వారా 60 స్పెక్‌లకూ సంబంధం కలిసిపోయి 400 టెస్టులూ నడుస్తాయి. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే. విరుగుడు: ఫిక్స్‌చర్లను వెతుకులాట, సీట్లు, చెల్లింపు, రద్దు అని వేర్వేరు ఫైళ్లుగా విడగొట్టి, రెండు అవసరమైన చోట మాత్రం 1.39లో వచ్చిన మెర్జ్‌టెస్ట్స్‌తో కలుపుకోవడం. ఇండెక్స్ ఫైల్లో అన్నీ తిరిగి ఎగుమతి చేసే అలవాటు కూడా మానాలి. ఆ ఇండెక్స్ నుంచి ఒక్క పేరు తెచ్చుకున్నా మిగతావన్నీ వెంట వస్తాయి. ఈ విడగొట్టే పని చేయకుండా ఫ్లాగ్ పెట్టిన జట్లకు రెండే ఫలితాలు: అన్నీ నడవడం, ఏవీ నడవకపోవడం.

గ్రాఫ్‌కు కనబడనివి మరికొన్ని ఉన్నాయి. ప్లేరైట్ కాన్ఫిగ్ ఫైల్‌ను స్పెక్‌లు ఇంపోర్ట్ చేసుకోవు కాబట్టి, అందులో టైమౌట్ 30 సెకన్ల నుంచి 5కు తగ్గించినా ఏ టెస్టూ ఎంపిక కాదు. నోడ్ మాడ్యూల్స్‌ను (ఇన్‌స్టాల్ చేసుకున్న బయటి ప్యాకేజీలు) లెక్కలోకి తీసుకోదు, అందుకని లాక్ ఫైల్లో (వాటి వెర్షన్లు రాసి ఉండే ఫైల్) ప్లేరైట్ వెర్షనే మారినా అంతే. టెస్టు నడిచేటప్పుడు డిస్క్ నుంచి చదివే జేసన్ డేటా, స్క్రీన్‌షాట్ పోలికల కోసం దాచిన పీఎన్‌జీ బొమ్మలు, టెస్టు లోపల అవసరమైనప్పుడు మాత్రమే లోడ్ చేసే మాడ్యూళ్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. డేటా ఫైల్ విషయంలో చిన్న చిట్కా ఉంది: డిస్క్ నుంచి చదవడం మానేసి దాన్ని టైప్‌స్క్రిప్ట్ ఫైల్‌గా మార్చి పైన ఇంపోర్ట్ చేసుకుంటే గ్రాఫ్‌లోకి వచ్చేస్తుంది.

గిట్ దగ్గర ఎదురయ్యే చిక్కులు మూడు. గిట్‌హబ్ వారి సీఐ అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో చెకౌట్ (కోడ్‌ను మెషీన్ మీదికి తెచ్చే స్టెప్) డిఫాల్ట్‌గా ఒక్క కమిట్‌నే తెస్తుంది. పోల్చడానికి మెయిన్ బ్రాంచ్ అక్కడ ఉండదు, రిపాజిటరీ షాలో క్లోన్ (చరిత్ర పూర్తిగా లేని కాపీ) అని చెప్పి ఫ్లాగ్ ఆగిపోతుంది. చెకౌట్ స్టెప్‌లో ఫెచ్-డెప్త్ 0 అని ఇస్తే చరిత్ర మొత్తం వస్తుంది. రెండోది, బ్రాంచ్ పేరు. చెకౌట్ తర్వాత మెషీన్ మీద మెయిన్ పేరుతో లోకల్ బ్రాంచ్ ఉండకపోవచ్చు, కాబట్టి ఆరిజిన్/మెయిన్ అని పూర్తిగా రాయడం మేలు.

మూడోది డెవలపర్ ల్యాప్‌టాప్ మీద తగులుతుంది. ఫ్లాగ్ తేడా తీసేది మెయిన్ కొసతో, బ్రాంచ్ విడిపోయిన చోటుతో కాదు. వారం క్రితం తీసిన బ్రాంచ్‌లో కూర్చుని మెయిన్‌తో పోలిస్తే, ఈ వారంలో ఇతరులు మెయిన్‌లో మార్చిన స్పెక్‌లు కూడా మారినవిగానే కనబడతాయి. నేను ముట్టుకోని టెస్టులు ఎందుకు నడుస్తున్నాయన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. గిట్ మెర్జ్-బేస్ కమాండ్‌తో విడిపోయిన కమిట్ నంబరు తీసి, దాన్ని ఫ్లాగ్‌కు ఇస్తే సరిపోతుంది. పుల్ రిక్వెస్ట్ సీఐలో ఈ బాధ ఉండదు. అక్కడ చెకౌట్ అయ్యేది మెయిన్‌తో కలిపిన మెర్జ్ కమిట్.

పైప్‌లైన్‌లో దీన్ని పెట్టే తీరు ఇలా ఉండాలి. మొదటి స్టెప్ ఓన్లీ-ఛేంజ్డ్=ఆరిజిన్/మెయిన్, పుల్ రిక్వెస్ట్ ఈవెంట్‌కు మాత్రమే. గిట్‌హబ్ బేస్ రెఫ్ వేరియబుల్‌ను వాడేట్టయితే ఆ షరతు తప్పనిసరి, ఎందుకంటే పుల్ రిక్వెస్ట్ ఈవెంట్లలో తప్ప అది ఖాళీగా ఉంటుంది. రెండో స్టెప్‌లో అదే జాబ్‌లో యాప్ మార్పును బట్టి ఎంచిన టెస్టులు, దీని సంగతి కింద చెప్తాం. మొత్తం సూట్ మెర్జ్ క్యూలో (మెర్జ్‌కు ముందు మార్పులు వరుసలో నిలిచే చోట). మొదటి స్టెప్ ఫెయిలైతే తర్వాతివి వాటంతటవే ఆగిపోతాయి, అదే లాభం. ఒక హెచ్చరిక: ప్లేరైట్ ప్రతి రన్ మొదట్లో టెస్ట్-రిజల్ట్స్ ఫోల్డర్‌ను ఖాళీ చేస్తుంది. మొదటి స్టెప్‌లో ఒకసారి ఫెయిలై రీట్రైలో గట్టెక్కిన టెస్టు ట్రేస్ (అది నడిచిన తీరు రికార్డు) రెండో స్టెప్ మొదలవగానే పోతుంది. అవుట్‌పుట్ ఫ్లాగ్‌తో రెండింటికీ వేర్వేరు ఫోల్డర్లు ఇవ్వండి.

ఎంచిన టెస్టులు రన్‌కు ఐదారే అయినప్పుడు షార్డింగ్ పెట్టకండి. నాలుగు మెషీన్లు లేచి, ప్యాకేజీలు దించుకుని, బ్రౌజర్లు ఇన్‌స్టాల్ చేసుకునేసరికి ఒక మెషీన్ ఆ టెస్టులన్నీ ముగించేస్తుంది. ఈ దశకు క్రోమియం ఒక్కటే దించుకుని, ప్రాజెక్ట్ ఫ్లాగ్‌తో దానికే పరిమితం చేస్తే చాలు. ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ పరీక్ష మొత్తం సూట్‌లో ఎలాగూ జరుగుతుంది.

యాప్ మార్పును బట్టి ఎంచడానికి జట్టు తనే ఒక పట్టిక రాసుకోవాలి. ప్లేరైట్ 1.42లో టెస్టుకు ట్యాగ్ తగిలించే సదుపాయం వచ్చింది, దానికి ఇదే సరైన వాడకం. పట్టికలో ఎడమవైపు సోర్స్ ఫోల్డర్, కుడివైపు ట్యాగులు. వెతుకులాట ఫోల్డర్‌కు @వెతుకులాట. సీట్ల ఫోల్డర్‌కు @సీట్లు, @చెల్లింపు రెండూ, ఎందుకంటే సీటు పట్టి ఉంచిన గడువు ముగిస్తే తేడా కొట్టేది చెల్లింపు పేజీలోనే. కామన్ ఫోల్డర్, అనువాద ఫైళ్లు, డేటాబేస్ మైగ్రేషన్లు, కాన్ఫిగ్‌లు, లాక్ ఫైల్, డాకర్‌ఫైల్, వీటికి అన్నీ. డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌కు ఏమీ వద్దు. పట్టికలో ఎక్కడా లేని ఫైల్ కనబడితే, అన్నీ. ఈ ఆఖరి వరుస మర్చిపోతే ఓన్లీ-ఛేంజ్డ్‌లోని లోపాన్నే చేత్తో మళ్లీ కట్టుకున్నట్టు. కొత్త ఫోల్డర్ పుట్టిన రోజున పట్టికలో వరుస చేర్చడం ఎవరికీ గుర్తుండదు. అన్నీ నడిచి ఆలస్యమైతేనే ఎవరో ఒకరు వచ్చి చేరుస్తారు.

ఆ పట్టికను చదివే స్క్రిప్ట్ యాభై లైన్లు దాటదు, కానీ తప్పులు దొర్లే చోట్లు ఉన్నాయి. గిట్ డిఫ్‌ను నేమ్-ఓన్లీతో, ఆరిజిన్/మెయిన్ హెడ్‌ల మధ్య మూడు చుక్కలు పెట్టి తీయాలి. రెండు చుక్కలు పెడితే పైన చెప్పిన మెయిన్ కొస సమస్యే వస్తుంది. నో-రీనేమ్స్ కూడా కలపండి. లేకపోతే ఒక ఫైల్‌ను సీట్ల ఫోల్డర్ నుంచి కామన్‌కు జరిపినప్పుడు కొత్త చోటు పేరు ఒక్కటే వస్తుంది, పాత ఫోల్డర్ ట్యాగు తప్పిపోతుంది. ఫైల్ పేర్లలో తెలుగు అక్షరాలుంటే గిట్ వాటిని కొటేషన్లలో పెట్టి అంకెల సంకేతాలుగా చూపిస్తుంది, ఏ నమూనాకూ సరిపడవు. కోర్ కోట్‌పాత్‌ను ఫాల్స్ చేస్తే మామూలుగా వస్తాయి. సాయం పేజీలకో అనువాద ఫైళ్లకో తెలుగు పేర్లు పెట్టుకున్న రిపాజిటరీల్లో ఇది మొదటి రోజే బయటపడుతుంది.

తేలిన ట్యాగులను నిలువు గీతతో కలిపి గ్రెప్ ఫ్లాగ్‌కు ఇవ్వాలి: "@స్మోక్|@సీట్లు|@చెల్లింపు". స్మోక్ ట్యాగు ప్రతిసారీ ఉండాలి. లాగిన్, ఒక వెతుకులాట, ఒక టికెట్ కొనుగోలు, ఒక రద్దు, ఇంతకు మించి అందులో పెట్టకండి. గ్రెప్ అనేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనా), అదీ టెస్టు పేరుతో మాత్రమే కాదు, ప్రాజెక్టు పేరు, ఫైల్ పేరు, గ్రూపు పేరు, ట్యాగులు అన్నీ కలిపిన వాక్యంతో పోలుస్తుంది. @ గుర్తు వదిలేసి సీట్లు అని రాస్తే పేరులో ఆ మాట ఉన్న ప్రతి టెస్టూ వస్తుంది. @రద్దు అన్న ట్యాగు @రద్దుఫీజుకు కూడా తగులుతుంది. ట్యాగు పేర్లు ఒకదానికొకటి మొదలు కాకుండా ఎంచుకుంటే గొడవ ఉండదు.

గ్రెప్‌నూ ఓన్లీ-ఛేంజ్డ్‌నూ ఒకే కమాండ్‌లో పెట్టడం మరో పెద్ద పొరపాటు. రెండూ వడపోతలే. రెండింటినీ దాటిన టెస్టులే మిగులుతాయి, రెండింట్లో ఏదో ఒకటి దాటినవి కాదు. చెల్లింపు సోర్స్ మారి, వెతుకులాట స్పెక్ ఒకటి మారిందనుకోండి. కలిపి పెడితే చెల్లింపు టెస్టుల స్పెక్‌లు మారలేదు కాబట్టి అవి పోతాయి, వెతుకులాట స్పెక్‌కు చెల్లింపు ట్యాగు లేదు కాబట్టి అదీ పోతుంది. మిగిలేది మళ్లీ సున్నా. అందుకే విడివిడి స్టెప్పులు. కొన్ని టెస్టులు రెండుసార్లు నడుస్తాయి, నడవనివ్వండి.

చేత్తో రాసిన పట్టిక కన్నా కవరేజ్ (ఏ టెస్టు ఏ కోడ్‌ను నడిపిందన్న లెక్క) చూసి పట్టికను పుట్టించడం మేలు కదా అంటారు. వినడానికి బాగుంటుంది, కట్టుకోవడం మాత్రం చెప్పినంత తేలిక కాదు. ప్లేరైట్‌లో పేజ్ కవరేజ్ ఏపీఐ క్రోమియంలో మాత్రమే ఉంది. ప్రతి టెస్టు చుట్టూ ఆటో ఫిక్స్‌చర్‌గా దాన్ని పెట్టాలి. రీసెట్-ఆన్-నావిగేషన్ డిఫాల్ట్‌గా ట్రూ, దాన్ని ఫాల్స్ చేయకపోతే పేజీ మారిన ప్రతిసారీ అప్పటిదాకా కూడబెట్టిన లెక్క చెరిగిపోతుంది. వచ్చేది బండిల్ (కోడ్ ఫైళ్లన్నీ కలిపి కట్టిన ఫైల్) లెక్క, సోర్స్ మ్యాప్‌తో అసలు ఫైళ్లకు తిప్పుకోవాలి. అక్కడ ఇంకో తికమక: బండిల్ లోడైనప్పుడు చాలా మాడ్యూళ్ల పై లైన్లు ఎలాగూ నడుస్తాయి, కాబట్టి ఈ ఫైల్ నడిచిందా అని అడిగితే ప్రతి టెస్టుకూ ప్రతి ఫైలూ అవునంటుంది. ఏ ఫంక్షన్ నిజంగా పిలవబడిందో చూడాలి.

సర్వర్ వైపు ఇంకా కష్టం. నాలుగు వర్కర్లు ఒకే సర్వర్‌ను తడుతుంటే ఏ లైను ఏ టెస్టు వల్ల నడిచిందో విడదీయలేం, పట్టిక తయారుచేసే రాత్రి రన్‌ను ఒక్క వర్కర్‌తో నడపాలి. పైగా ఆ పట్టిక నిన్నటిది. నిన్న లేని ఫంక్షన్‌ను అది ఎరగదు, ఫీచర్ ఫ్లాగులనూ డేటాబేస్ మైగ్రేషన్లనూ అసలే ఎరగదు. వేల టెస్టులున్న చోట, దీన్ని చూసుకోవడానికి ఒక మనిషి ఉన్నచోట తప్ప దీని జోలికి వెళ్లక్కర్లేదు. 400 టెస్టుల జట్టుకు చేత్తో రాసిన ఇరవై వరుసల పట్టికే చాలు.

మోనోరెపోలో (అనేక ప్రాజెక్టులున్న ఒకే రిపాజిటరీ) ఉన్నవాళ్లకు ఎన్ఎక్స్ అనే బిల్డ్ పనిముట్టులోని అఫెక్టెడ్ కమాండ్ మంచి తోడు. ఎండ్ టు ఎండ్ ప్రాజెక్టు ఏ యాప్ మీద ఆధారపడిందో ఇంప్లిసిట్ డిపెండెన్సీగా రాసిపెడితే, యాప్‌లోనో అది వాడే లైబ్రరీలోనో మార్పు వచ్చినప్పుడు ఆ ప్రాజెక్టు టెస్టులన్నీ నడుస్తాయి. ఎంపిక ప్రాజెక్టు స్థాయిలోనే కాబట్టి మోతాదు మొరటుగా ఉంటుంది, కానీ తప్పిపోవడం తక్కువ. అడ్మిన్ యాప్, ప్రయాణికుల యాప్, ఏజెంట్ల యాప్ ఒకే రెపోలో ఉంటే ఈ మొరటు ఎంపికే మూడింట రెండు వంతుల పని తగ్గించగలదు. ఒకే యాప్ ఉంటే మాత్రం అన్నీ లేదా ఏమీ లేవు.

గతం చూసి అంచనా వేసే పద్ధతులూ ఉన్నాయి. ఫేస్‌బుక్ 2018లో తన ప్రిడిక్టివ్ టెస్ట్ సెలెక్షన్ గురించి చెబుతూ, మారిన కోడ్ మీద ఆధారపడిన టెస్టుల్లో మూడో వంతు మాత్రమే నడిపి, తప్పున్న మార్పుల్లో 99.9 శాతానికి పైగా పట్టుకున్నామని ప్రకటించింది. ఆ అంకె చూసి ఉత్సాహపడే ముందు ఒకటి గమనించాలి. మోడల్‌కు పాఠం చెప్పడానికి వాళ్ల దగ్గర ఉన్నంత మార్పుల, ఫెయిల్యూర్ల చరిత్ర చాలా కంపెనీల దగ్గర ఉండదు.

సీఐ నియమాల్లో ఒక మెలిక ఉంది. డాక్యుమెంటేషన్ మార్పులకు టెస్టులు వద్దని గిట్‌హబ్ వర్క్‌ఫ్లోకే పాత్స్ వడపోత పెట్టి, ఆ చెక్‌ను మెర్జ్‌కు తప్పనిసరి చేస్తే, వర్క్‌ఫ్లో మొదలవకపోవడంతో చెక్ పెండింగ్‌లోనే ఉండిపోయి మెర్జ్ ఆగిపోతుంది. అదే జాబ్ స్థాయిలో ఇఫ్ షరతు పెట్టి వదిలేస్తే విజయం కింద లెక్క. కాబట్టి వర్క్‌ఫ్లో ఎప్పుడూ మొదలవ్వాలి, ఎంపిక లోపల జరగాలి.

1.44లో వచ్చిన లాస్ట్-ఫెయిల్డ్ ఫ్లాగ్‌ను కూడా దీని పక్కనే వాడొచ్చు, సరిదిద్దిన తర్వాత క్రితంసారి పడిపోయినవే నడుపుతుంది. ల్యాప్‌టాప్ మీద ఇబ్బంది లేదు. సీఐలో ఒక జాబ్ నుంచి మరో జాబ్‌కు తీసుకెళ్లాలంటే టెస్ట్-రిజల్ట్స్‌లోని చుక్కతో మొదలయ్యే లాస్ట్-రన్ జేసన్ ఫైల్ కావాలి. అప్‌లోడ్-ఆర్టిఫాక్ట్ 4.4 నుంచి చుక్కతో మొదలయ్యే ఫైళ్లను డిఫాల్ట్‌గా వదిలేస్తోంది. ఇంక్లూడ్-హిడెన్-ఫైల్స్ ట్రూ చేయకపోతే ఆ ఫైల్ రెండో జాబ్‌కు చేరనే చేరదు.

ఈ మొత్తం ఏర్పాటును నమ్మేముందు రెండు వారాలు నీడగా నడపండి. పుల్ రిక్వెస్ట్‌లో ఇప్పటిలాగే మొత్తం సూట్ నడవనివ్వండి. పక్కన లిస్ట్ ఫ్లాగ్ జోడించి ఓన్లీ-ఛేంజ్డ్ ఎంపికనూ, ట్యాగ్ పట్టిక ఎంపికనూ ఫైల్లోకి రాయించండి. లిస్ట్ ఏ టెస్టునూ నడపదు, పేర్లు మాత్రమే చెబుతుంది, కాబట్టి ఖర్చు సెకన్లలోనే. మొత్తం సూట్‌లో నిజంగా పడిపోయిన టెస్టు ఈ రెండు జాబితాల్లో లేకపోతే అది జారిపోయినట్టు లెక్క. రీట్రైలో గట్టెక్కిన ఫ్లేకీ టెస్టులను ఈ లెక్కలోంచి తీసేయాలి, లేకపోతే ఎంపిక తప్పులేని చోట కూడా తప్పు కనబడుతుంది. జారిపోయిన ప్రతి టెస్టుకూ ఏ ఫైల్ మార్పు వల్ల పడిందో చూసి పట్టికలో వరుస చేర్చండి. ఆ ఫైల్ కామన్‌లోదో కాన్ఫిగ్‌దో అయితే వరుసకు కుడివైపు ట్యాగు వెతక్కండి, అన్నీ అని రాయండి.